గర్భిణులకు మధుమేహము – ఎవరెవరికి భయము?

చంద్రవంక డెబ్బది అడుగుల ఎత్తునుండి దూకే మా ఎత్తిపోతలకు దత్తాత్రేయస్వామి దర్శనార్థం వచ్చిన ఒక పెద్దావిడ, ఆరవ నెల గర్భిణియైన కోడలిని నా వద్దకు తీసికొనివచ్చినది. ఆస్పత్రిలో రక్తమున చక్కెర అధికమని ఇన్సులిన్ వ్రాసినారట. "సన్నటి పిల్ల, వైద్యులుగారూ! దీనికి చక్కెర జబ్బేమిటి? సూది లేకుండా చూర్ణమేదైనా ఇవ్వండి" అన్నది.

నేను చూర్ణము ఇవ్వలేదు. కొన్ని ప్రశ్నలు వేసితిని. కోడలి వయస్సు ముప్పది రెండు. ఆమె తల్లికి మధుమేహము కలదు. తొలి బిడ్డ నాలుగు కిలోలకు మించి పుట్టినది. అనుమానించుటకు వీటిలో ఒక్కటైనను చాలును.

సుశ్రుతుడు ప్రమేహమును పుట్టుకతో సంక్రమించునది, అపథ్యము వలన కలుగునది అని రెండు విధములుగా చెప్పెను. మొదటి దానిలో రోగి కృశించియుండునని కూడ చెప్పెను. కనుక సన్నగా ఉన్నంత మాత్రమున నిర్భయముగా ఉండరాదు.

గర్భము పెరుగుకొలది మావి నుండి వెలువడు హార్మోనులు తల్లి శరీరములో ఇన్సులిన్ పనికి అడ్డుపడును. బిడ్డకు ఆహారము అందుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. అందుకు తగినంత ఇన్సులిన్ అదనముగా ఊరనిచో రక్తములో చక్కెర నిలిచిపోవును. గర్భమునకు ముందే స్థూలకాయము గలవారు, అండాశయములలో నీటిబుడగలుండి ఋతుక్రమము తప్పినవారు, మునుపటి గర్భములో ఈ వ్యాధి వచ్చినవారు, కారణము తెలియక మృతశిశువును కన్నవారు మరింత జాగ్రత్తపడవలెను.

చరకుడు కదలక కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటలు ప్రమేహ కారణములలో చేర్చెను. ఒకప్పుడు పల్నాటిలో జొన్నకూడే ఆహారము. 1967లో సాగరు నీరు కాలువల కెక్కిన పిమ్మట వరి అన్నము ఇంటింటికి వచ్చినది. దానికితోడు "ఇద్దరికి తినాలమ్మా" అను ప్రోద్బలమొకటి!

మా గురువుగారి కాలమున మూత్రమునకు చీమలు పట్టుట చూచెడివారము. గర్భిణుల విషయమున అది నమ్మదగదు. వ్యాధి లేకున్నను గర్భములో మూత్రమున చక్కెర కనబడవచ్చును. రక్తపరీక్షయే శరణ్యము. 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి, రెండు గంటల తరువాత చూడగా డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని ఉన్నచో వ్యాధి ఉన్నట్లే. గర్భము తెలిసి మొదట చూపించుకొన్నప్పుడు ఒకసారి, అప్పుడు లేదన్నచో 24–28 వారముల మధ్య మరల చేయించుకొనవలెను. అశ్రద్ధ చేసినచో బిడ్డ మితిమీరి పెరిగి కాన్పు కష్టమగును. పుట్టిన వెంటనే శిశువుకు చక్కెర పడిపోవచ్చును.

పొడపత్రి, కాకర రసము వంటివి గర్భిణులు తమంతట తాము వాడరాదని, ఇన్సులిన్ మానరాదని, కాన్పు తరువాత ఆరు వారములకు మరల పరీక్ష చేయించవలెనని ఆవిడకు నచ్చజెప్పితిని.

"మరి ఏడవ నెలలో చలిమిడి పెట్టవద్దా?" అని ఆవిడ దిగులుపడినది. "ఒడిలో పెట్టండమ్మా, పేరంటాండ్రకు పంచండి. కోడలికి నాలుకకు తగిలినంత చాలును" అన్నాను.