మరబండి నేర్పిన పాఠము

వేసవి సెలవులు రాగానే మామిడితోటలకును, చెరువుగట్లకును పరుగులిడుట బాలబాలికలకు సహజము. ఈ కాలమున కొందరు విద్యార్థులు సెలవులలో యంత్రవిద్యా శిబిరములకు పోవుచున్నారు. ఉదయము క్యారేజితో వెళ్లి, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. అచ్చట వారు రోబోలను స్వయముగా నిర్మింతురు.

'రోబో' అను మాటకు మూలము చెక్కు భాషలోని 'రోబోటా'. దాని అర్థము వెట్టిచాకిరి. కారెల్ చాపెక్ అను రచయిత 1920లో వ్రాసిన నాటకము వలన ఈ మాట లోకమున వ్యాపించినది. మనము మరమనిషి యందుము. కాని రోబోకు మనుష్యరూపము ఉండనక్కరలేదు. పరిసరములను గ్రహించి, ముందుగా ఇచ్చిన ఆజ్ఞల ననుసరించి తనంత తాను పనిచేయు బండియు రోబోయే.

శిబిరములలో తొలుత నేర్పు వానిలో గీతవెంట నడచు బండి యొకటి. తెల్లని కాగితముపై నల్లని గీత గీయుదురు. ఆ గీతకు చెరియొక ప్రక్క నుండునట్లు బండి ముందు రెండు సెన్సార్లు అమర్తురు. వానినుండి వెలువడు పరారుణ కిరణములను తెలుపు త్రిప్పికొట్టును, నలుపు మ్రింగివేయును. ఎడమ సెన్సారు క్రిందికి నలుపు వచ్చినచో, గీత ఎడమకు తిరిగినదని అర్థము. వెంటనే మైక్రోకంట్రోలరు అను చిన్న మెదడు ఎడమ చక్రమును ఆపి, కుడి చక్రమును నడపును. బండి ఎడమకు మరలును.

ఒకనాడు ఒక జట్టువారి బండి మొదటి మలుపుననే గీతను విడిచి గోడవైపు పరుగిడెను. తోడివారు పకపక నవ్విరి. జట్టులోని బాలిక కన్నీరు ఆపుకొనుచు, "మాస్టారూ! మా బండి చెడిపోయినదండీ!" అనెను.

"చెడిపోలేదమ్మా! మీరు కట్టినట్లే నడచుచున్నది. ఒక్కొక్క భాగమును వేరుగా పరీక్షింపుడు" అని ఆయన పలికెను.

వారు చక్రములు నేల నంటకుండ బండి క్రింద చెక్కముక్క నుంచి, ఎడమ సెన్సారు క్రింద నల్లకాగితము పెట్టిరి. ఆగవలసిన ఎడమ చక్రము తిరుగుచుండెను. తిరుగవలసిన కుడి చక్రము ఆగియుండెను. రెండు మోటార్ల తీగలును తారుమారైనవి! వానిని మార్చి బిగింపగానే బండి మలుపులన్నియు దాటి గమ్యము చేరెను. నవ్విన నాపచేనే పండునను సామెత నిజమైనది.

పెద్దల పనియు ఇట్టిదే. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 లోని విక్రమ్ చంద్రునిపై దిగబోవుచు కూలిపోయినది. ఇస్రో ఇంజనీర్లు కారణములను వెదకిరి. క్రొత్త విక్రమ్‌కు కాళ్లను బలపరచిరి, ఇంధనము పెంచిరి, దిగు చోటును విశాలము చేసిరి, ప్రోగ్రామును సవరించిరి. శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున క్షేమముగా దిగెను. దాని లోపలినుండి ప్రజ్ఞాన్ అను ఆరుచక్రముల బండి వెలువడి చంద్రునిపై నడచెను.

తప్పునకు సిగ్గుపడి దాచువాడు అచ్చటనే నిలిచిపోవును. దానిని వెదకి దిద్దుకొనువాడు ముందునకు సాగును.