సాహిత్యంలో పై చదువు: పెద్ద విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు

మన కళాశాల నుంచి ఏటా ఎందరో మిత్రులు ఎం.ఎస్. చదువుకి అమెరికా వెడుతున్నారు. కంప్యూటర్లకో, ఫార్మసీకో దరఖాస్తు ఎలా పెట్టాలో హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా చెబుతారు. సాహిత్యం చదవాలంటే మాత్రం చెప్పే నాథుడు లేడు. పేరున్న ఒక కన్సల్టెన్సీకి వెళ్ళి అడిగాను. "లిటరేచరా? అది మా దగ్గర లేదండీ. డేటా సైన్స్ చూడండి, బ్యాంకు లోను కూడా మేమే ఇప్పిస్తాం" అన్నారు, కొట్లో సరుకు అయిపోయినట్టు. నేను బి.యస్సీ. కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో వుండి ఎం.ఎ. ఇంగ్లీషు వైపు చూస్తున్నవాణ్ణి. ఏడాదిగా విశ్వవిద్యాలయాల సొంత ప్రకటనలు చదివీ, సీనియర్లను విసిగించీ కూడబెట్టిన సంగతులు యిక్కడ రాస్తున్నాను. నావంటి వాళ్ళు ఈ కళాశాలలో మరో నలుగురైనా వుండకపోరు.

సైన్సు చదివినవాణ్ణి రానిస్తారా అన్నది మొదటి సందేహం. రానిస్తారు. డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా ఎం.ఎ. ఇంగ్లీషుకు పరీక్ష రాయనిచ్చే విశ్వవిద్యాలయాలు మన దేశంలో వున్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, జె.ఎన్.యు.లో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రవేశం ఇప్పుడు సి.యు.ఇ.టి. పి.జి. ద్వారానే. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అర్హత షరతులు చోటుచోటుకీ మారతాయి గనుక ఆ సంవత్సరపు ప్రాస్పెక్టస్ స్వయంగా చదవాలి. పక్కగది మిత్రుడి మాట మీద పోకూడదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ డిగ్రీ కాగానే సరాసరి పీహెచ్.డి.కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐతే మన మూడేళ్ళ డిగ్రీని కొన్ని విశ్వవిద్యాలయాలు చాలదంటాయి. మనలాంటి వాళ్ళకి ముందు యిక్కడ ఎం.ఎ. చేయడమే మంచిదని నా అభిప్రాయం. డిగ్రీ లోటు తీరుతుంది. అంతకన్నా ముఖ్యం, రెండేళ్ళు సాహిత్యం చదివి రాయడం అలవాటవుతుంది, మన రాతను ఎరిగిన అధ్యాపకులు దొరుకుతారు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కూడా ఇంజనీరింగు కాలేజీల లెక్కన చూస్తే లేనట్టే.

ఇక డబ్బు. నేను ఈ చదువు మాట ఎత్తినప్పుడు మా నాన్న అడిగింది ఒక్కటే: "దానికి ఎకరం పెట్టాలా, రెండెకరాలా?" మాకున్నది మూడెకరాలు. రెండు పల్లం, ఒకటి మెట్ట. మెట్టలో నువ్వులో గోగో వేస్తాం. వాన వేళకి పడకపోతే అదీ లేదు. కాబట్టి నేను ప్రతి ప్రకటననీ ఆ ప్రశ్న పట్టుకునే చదివాను. తేలిందేమంటే, సాహిత్యంలో ఎం.ఎ.కీ పీహెచ్.డి.కీ మధ్య తేడా చదువులో కన్నా డబ్బులోనే ఎక్కువ. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ వంటి చోట్ల పీహెచ్.డి.లో చేర్చుకున్నవారికి ఫీజు మాఫీ. పైగా ఐదేళ్ళకు తక్కువ కాకుండా జీవనభృతి యిస్తారు. అది ఏడాదికి 40 వేల డాలర్లకు పైమాటే. బదులుగా కొన్నాళ్ళు పాఠాలు చెప్పాలి. అదే దేశంలో ఏడాదిపాటు సాగే ఎం.ఎ.కి ఒక్క ఫీజే 50 వేల డాలర్లు దాటే చోట్లున్నాయి. పేరు అదే, భవనాలు అవే. ఒకదానికి వాళ్ళు డబ్బిచ్చి పిలుస్తారు, ఇంకొకదానికి మనం పొలం అమ్మి వెళ్ళాలి. పీహెచ్.డి.కి దరఖాస్తు పెడితే, "పీహెచ్.డి.లో సీటు లేదు, ఎం.ఎ.లో చేరండి" అని జవాబు రావడం కూడా కద్దు. ఆ వుత్తరం చూసి మురిసిపోయి బ్యాంకుకి పరుగెత్తరాదు. మా నాన్నకి నేను చెప్పిన జవాబు యిది: "ఎకరం అడిగే చదువైతే వెళ్ళను."

ఇంగ్లండు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆక్స్‌ఫర్డులో ఎం.ఎస్.టి. అనే కోర్సు ఏడాది లోపే ముగుస్తుంది, ఖర్చు మాత్రం విపరీతం. స్కాలర్‌షిప్ లేకుండా మనకు అందేది కాదు. రోడ్స్ వుంది. చదువు ఖర్చు భరించలేని, ఫస్టు క్లాసు మార్కులున్న భారతీయ విద్యార్థుల కోసం ఫెలిక్స్ స్కాలర్‌షిప్పు వుంది. మన దేశంలోనే పరిశోధన చేయదలిస్తే యు.జి.సి. జూనియర్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు దరఖాస్తు. మార్కుల పత్రాలు, మూడు సిఫారసు లేఖలు, ఉద్దేశ పత్రం, రచనా నమూనా, టోఫెల్ లేదా ఐ.ఇ.ఎల్.టి.ఎస్. మార్కులు అడుగుతారు. జి.ఆర్.ఇ.ని చాలా ఇంగ్లీషు విభాగాలు ఎత్తివేశాయి. అందులో ఆంగ్ల సాహిత్యానికి విడిగా వుండే సబ్జెక్టు పరీక్ష 2021లోనే ఆగిపోయింది. దరఖాస్తు రుసుము ఒక్కో చోటుకి 75 నుంచి 125 డాలర్లు. పది చోట్లకు పెడితే ఆ లెక్క మన వూళ్ళో ఒక పంట పెట్టుబడి. ఆర్థిక యిబ్బంది రాసుకుంటే మాఫీ చేసే విశ్వవిద్యాలయాలున్నాయి. గడువుకు ముందే అడగాలి, అడగడానికి సిగ్గుపడకూడదు.

వీటన్నిటిలో రచనా నమూనాయే ప్రాణం. పదిహేను నుంచి పాతిక పేజీల విమర్శ వ్యాసం. సాహిత్యంలో దరఖాస్తు చదివే ఆచార్యులు మన మార్కుల కన్నా దీన్నే పట్టి చూస్తారు. కథ గొప్పది, కవి మహానుభావుడు అని రాస్తే లాభం లేదు. ఒక ప్రశ్న వుండాలి, దానికి పుస్తకంలోంచే ఆధారం చూపాలి. నేను రాస్తున్నది కన్యాశుల్కం మీద. ఆ నాటకం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా తిరగరాసి మళ్ళీ వేశారు. మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో పీఠిక రాశారు. మహారాజు తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1034 కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు, ఏడాదికి సగటున 344 అని అందులో వుంది. నవ్వించే నాటకం ముందు ఈ పట్టికేమిటి? పట్టికలో అంకె అయిపోయిన పిల్ల నాటకంలోకి వచ్చాక ఏమయింది? ఎవరి పెళ్ళి తప్పించాలని యింత నాటకం నడిచిందో ఆ సుబ్బికి మొదటి కూర్పులో మాటలెన్ని, రెండోదానిలో ఎన్ని? లెక్కపెట్టవచ్చు. సైన్సు విద్యార్థికి యిక్కడ సిగ్గుపడవలసిందేమీ లేదు, పైగా కాస్త లాభమే. వ్యాసం ఇంగ్లీషులోనే వుండాలి కాబట్టి తెలుగు వాక్యాలను మనమే అనువదించుకోవాలి. గిరీశం మాటల దగ్గరకు వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి!

ఉద్దేశ పత్రం గురించి. "నాకు చిన్ననాటి నుంచీ సాహిత్యమంటే ప్రాణం" అని మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువట. మన సాల్ట్ ఎనాలిసిస్ రికార్డులో మూడు గడులుంటాయి: ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. ఆ వాక్యం మొదటి రెండు గడులూ ఖాళీగా వదిలి మూడోది నింపడం లాంటిది. ఏం చదివారు, ఏం గమనించారు, ఏ ప్రశ్న మిగిలింది, అది ఆ విభాగంలోనే ఎందుకు చదవాలి అన్నవి రాస్తే చాలు. రైతు కుటుంబం నుంచి వచ్చామని ఒక వాక్యంలో రాయవచ్చు, అందులో తప్పులేదు. పేజీ అంతా కష్టాలు రాస్తే మాత్రం చదివేవాళ్ళు జాలిపడతారు గానీ సీటివ్వరు.

ఎక్కడికి పెట్టాలో కూడా చూసుకోవాలి. తెలుగు సాహిత్యం మీద పనిచేయదలిస్తే ఇంగ్లీషు విభాగం కన్నా దక్షిణాసియా అధ్యయన విభాగమో, తులనాత్మక సాహిత్య విభాగమో తగినది. అక్కడ మన తెలుగు లోపం కాదు, ఆస్తి. బెర్కిలీలో తెలుగు బోధిస్తారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావుగారు చాలా ఏళ్ళు ఆచార్యులుగా పనిచేశారు. ఆయన చేసిన కన్యాశుల్కం అనువాదం 'గర్ల్స్ ఫర్ సేల్' 2007లో వచ్చింది.

సిఫారసు లేఖల విషయంలో అధ్యాపకులు నన్ను మన్నించాలి. విద్యార్థే రాసి తెస్తే సంతకం పెట్టే అలవాటు మన దగ్గర వుంది. ఒకే చేతి రాతలా వుండే మూడు లేఖలను అక్కడివాళ్ళు యిట్టే పోల్చుకుంటారు. పైగా లేఖను అధ్యాపకులే తమ ఈ-మెయిలుకు వచ్చిన లింకు ద్వారా నేరుగా పంపాలి. రెండు నెలల ముందే అడిగి, మన వ్యాసం చేతికిచ్చి, గడువు తేదీ గుర్తుచేస్తూ వుండాలి. మూడింటిలో ఒకటి కెమిస్ట్రీ లెక్చరరు రాసినా తప్పులేదు, ఆయన మనల్ని నిజంగా ఎరిగివుంటే.

ఆశ పెట్టి వదలడం న్యాయం కాదు. పేరున్న ఇంగ్లీషు విభాగంలో ఏడాదికి తీసుకునేది పదిమందికి అటూయిటూ. దరఖాస్తులు వందల్లో వస్తాయి. పైగా రోజులు బాగాలేవు. 2024 నవంబరులో బోస్టన్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషుతో సహా పలు విభాగాల్లో కొత్త పీహెచ్.డి. ప్రవేశాలు ఆపింది. 2025 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం 2026–27కి చాలా సాహిత్య, మానవీయ విభాగాల్లో విద్యార్థులను తీసుకోబోమని ప్రకటించింది. రుసుము కట్టేముందు ఆ విభాగం ఆ ఏడు తలుపు తెరిచిందో లేదో చూసుకోవాలి. పట్టా పుచ్చుకున్నాక కూడా అక్కడ అధ్యాపక వుద్యోగాలు తక్కువే.

అక్కడి గడువులు సాధారణంగా డిసెంబరు, జనవరి మొదటి వారాల్లో ముగుస్తాయి. ఫలితాలు ఫిబ్రవరి, మార్చిల్లో. భృతితో సీటిచ్చిన చోటికి ఏప్రిల్ 15 లోగా జవాబు చెప్పాలి. అవి నాకు రెండేళ్ళ తరువాతి మాట. ప్రస్తుతానికి ఎం.ఎ. ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. కన్యాశుల్కం వ్యాసం పన్నెండు పేజీలు అయింది. ఇంగ్లీషు శాఖ మిత్రులెవరైనా ఎర్రసిరా కలంతో దాన్ని చదివిపెడితే, బదులుగా వారి తమ్ముడికో చెల్లెలికో కెమిస్ట్రీ చెబుతాను.