పొదుగు పెట్టకు దత్తపిల్లలను చేర్చుట



హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాలయమున వృద్ధిచేయబడిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలను నేడు పల్లెలలో ననేకులు ఒక దినపు వయస్సున కొని తెచ్చుకొనుచున్నారు. ఈ జాతుల పెట్టలు గ్రుడ్లు విస్తారముగ పెట్టునుగాని సాధారణముగ పొదుగుటకు కూర్చుండవు. నాటుపెట్ట గ్రుడ్లు కొలదిగ పెట్టినను, పొదుగుటయందును పిల్లలను సాకుటయందును దానికి సాటిలేదు. కావున ఆ పిల్లలను ఈ తల్లికి అప్పగించుట మేలు.

పిల్లకు మొదటి వారమున సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. పిమ్మట వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. దీపముతో పెంచువారికి రాత్రి కరెంటు పోయినయెడల, పిల్లలు చలికి ఒక మూల గుమిగూడి, ఒకదానిక్రింద నొకటి నలిగి చచ్చును. పెట్ట యొడలి వేడి సుమారు 41 డిగ్రీలు. ఆ వేడికి చమురుగాని కరెంటుగాని అక్కరలేదు.

అయితే ప్రతి పెట్టయు దత్తు తీసికొనదు. గూటిని విడువక, ఈకలు నిక్కించి, చేయి పెట్టిన పొడుచుచు, రాత్రియు నచ్చటనే యుండునదియే నిజమైన పొదుగు పెట్ట. దానిని మట్టితో చేసి కాల్చిన ఉండలపై కూర్చుండబెట్టవలెను. మురిగిన గ్రుడ్లు పగిలి గూటిని పాడుచేయును గనుక వలదు. కనీసము 10 దినములు కూర్చుండనిండు. 21 దినములు నిండవచ్చునప్పటికి దాని మనస్సు పిల్లలమీదికి మరలియుండును. ఈ లోపల పేలు పోవుటకు బూడిదయు ఇసుకయు కలిపి పొరలనీయవలెను. పేలుపట్టిన పెట్ట గూటిని విడుచును. పిల్లలకును పేలు నంటించును.

పిల్లలు ఒకటి రెండు దినముల వయస్సువై యుండవలెను. పచ్చసొన శేషము కడుపులో నుండుటచే అంతవరకు మేత లేకున్నను అవి బ్రదుకును. వారము దినములు దీపముక్రింద పెరిగిన పిల్లకు తల్లి పిలుపు తెలియదు.

చీకటిపడిన పిమ్మట, దీపము చూపక, మొదట రెండు పిల్లలను మెల్లగ రొమ్ముక్రింద దూర్చి, అన్ని ఉండలను తీసివేయుడు. పెట్ట మెల్లని గొంతుతో పలికి రెక్క వదులు చేసినచో, గంటకు తక్కినవానిని చేర్చుడు. నాటుపెట్టకు 10 లేక 12 పిల్లలు చాలును. చలికాలమున 8కి మించరాదు. రెక్కక్రింద పట్టని పిల్ల తెల్లవారునప్పటికి బ్రదుకదు.

వేకువను తప్పక చూడవలెను. కోడి త్రొక్కిన పిల్ల చచ్చునా యని లోకమందురు. అది తన పిల్లయని యెంచినప్పటి మాట. పరాయిదని యెంచి పొడిచెనేని పిల్ల దక్కదు. వెంటనే వేరుచేసి దీపమువద్ద పెట్టవలెను. పెట్టకు పిల్లలు అలవడిన పిమ్మట క్రొత్తవానిని చేర్చరాదు.

మొదటి మూడు నాలుగు దినములు తల్లిని పిల్లలను పెద్ద గంపక్రింద నుంచుడు. నీళ్ల మూకుటిలో గులకరాళ్లు వేసినచో పిల్లలు మునుగవు. నూకలతోపాటు పిల్లల దాణాయు, దొరికినచో చెదలును పెట్టుడు. నేల తడిగా నున్న రక్తవిరేచనములు పుట్టును. పిమ్మట మంచు ఆరినవెనుక పెరటిలోనికి విడువవచ్చును. కాకి, గద్ద వచ్చినపుడు తల్లి హెచ్చరికయే పిల్లలకు రక్ష.

తల్లి వేడి నిచ్చునుగాని కొక్కెర తెగులునుండి కాపాడలేదు. 5వ దినము మొదలు 7వ దినములోపల లసోటా టీకా ఒక చుక్క కంటిలో వేయించి, 28వ దినమున మరల వేయింపవలెను. ఈ మందు ఒక్కొక్క సీసాలో నూరు మోతాదులో అంతకు మించియో యుండుట వాడుక. కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడనిచో వ్యర్థమగును. పది పిల్లలున్న రైతు ఒక్కడు సీసా కొనుట దండుగ.

సంఘమువలని ప్రయోజన మిచ్చటనే కలదు. ఒక గ్రామమందలి సభ్యులు పెట్టలను ఒకే వారమున కూర్చుండబెట్టి, పిల్లలను ఒకే దినమున తెప్పించుకొన్నచో, ఒక సీసా పదిండ్లకు సరిపోవును. కావున పెట్ట కూర్చున్న దినమును వ్రాసి యుంచుకొని, పిల్లలకు సొమ్ము కట్టుటకు ముందే ఇరుగుపొరుగు సభ్యులతో ఆలోచించుకొనుడు.