తోటలోని చిన్న రైలుమార్గము – దాని సంరక్షణము

రైలుబండి మనకు క్రొత్త వస్తువు కాదు. దక్షిణ భారతమున మొదటి రైలు 1856వ సంవత్సరమున రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు నడచినది. చెన్నై నుండి జోలార్‌పేట వైపు పోవు బండ్లు నేడును కాట్పాడి, గుడియాత్తముల మీదుగానే పోవుచున్నవి. ఇట్టి మార్గమును చిన్న ప్రమాణమున తోటలో పరచి నడుపుకొనుట ఒక చక్కని విద్యావినోదము.

1968లో జర్మనీ దేశపు న్యూరెంబర్గు నగరమందలి లేమాన్ అను బొమ్మల సంస్థ ఎండవానలకు ఓర్చు చిన్న రైళ్లను వెలువరించెను. వాని రెండు పట్టాల నడిమి ఎడము 45 మిల్లీమీటర్లు. మీటరును 22 భాగములు చేసిన, ఒక భాగము సుమారు ఇంతే యగును. అనగా ఇది మీటరు గేజికి నమూనా. విల్లుపురము నుండి వేలూరు మీదుగా పాకాలకు పోవు మార్గము పూర్వము మీటరు గేజియే. తరువాత బ్రాడ్ గేజిగా మారినది.

తోటలో పట్టాలు పరచుట కొన్ని దినముల పని. వానిని నిలుపుకొనుట నిత్యకృత్యము. ఎండ, వాన, ధూళి అను మూడింటి వలన కలుగు చెరుపును, దాని మరమ్మతును ఇచట తెలిసికొందము.

మొదటిది వాన. మన ప్రాంతమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షములు కురియును. పట్టాల క్రింది మన్ను కొట్టుకొనిపోయినచో మార్గము ఒకవైపు క్రుంగును. కావున క్రింద కోణములు గల సన్న కంకరనే పోయవలెను. కోణముల రాళ్లు ఒకదానినొకటి పట్టుకొని నిలుచును. ఏటిలోని గుండ్రని గులకరాళ్లు దొరలిపోవును. నీరు పోవుటకు ప్రక్కన చిన్న కాలువ తీయవలెను. వాన వెలిసిన పిదప రసమట్టముతో పరీక్షించి, క్రుంగిన చోట స్లీపర్ల క్రింద కంకర దట్టించవలెను.

రెండవది ఎండ. ఒక మీటరు ఇత్తడి పట్టా ఒక డిగ్రీ వేడికి సుమారు 0.019 మిల్లీమీటరు పెరుగును. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న పట్టా మధ్యాహ్నమునకు 65 డిగ్రీలైనదనుకొందము. పది మీటర్ల మార్గము అప్పుడు 7.6 మిల్లీమీటర్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు లేనిచో పట్టా ప్రక్కకు వంగును. మీటరు పొడవు గల పట్టాలను చల్లని వేళ పరచునప్పుడు ప్రతి అతుకు వద్ద రమారమి ఒక మిల్లీమీటరు సందు విడువవలెను. మిట్టమధ్యాహ్నము పరచినచో అంత సందు అక్కరలేదు.

మూడవది ధూళి. ఇంజనుకు విద్యుత్తు పట్టాల గుండానే అందును. పట్టాపై మురికి పేరినచో ఇంజను ఆగి ఆగి నడచును. మెత్తని గుడ్డ చుట్టిన కొయ్యముక్కతో పట్టా పైభాగమును తుడువవలెను. గరుకు ఉప్పుకాగితము వాడరాదు. దాని గీతలలో మురికి మరల చేరును. ఒక అతుకు దాటినంతనే బండి వేగము తగ్గినచో ఆ అతుకునే అనుమానింపవలెను. దానిని విప్పి, శుభ్రపరచి, బిగింపవలెను. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును ఎన్నడును తోటలోనికి తీసికొనిపోరాదు. ట్రాన్స్‌ఫార్మరును లోపలనే యుంచి, తక్కువ వోల్టుల విద్యుత్తును మాత్రమే పట్టాలకు పంపవలెను. తడి నేలపై ఈ నియమము ప్రాణరక్షకము.

పెట్టెలు పట్టా తప్పినప్పుడు తొందరపడి విప్పరాదు. పెట్టెలన్నియు ఒకే చోట తప్పినచో దోషము మార్గమునందున్నది. ఒకే పెట్టె అనేక చోట్ల తప్పినచో దోషము దాని చక్రములయందున్నది. మార్గదోషమైనచో ఎడము కొలిచి చూడవలెను. గుడియాత్తపు నేతమగ్గములను మీరెరుగుదురు. పడుగు పోగుల ఎడము ఒకచోట చెడిన, ఆ లోపము బట్టయంతటను సాగును. పట్టాల ఎడము చెడినను బండి ముందుకు సాగదు.

పెద్ద రైలుమార్గమున కీమ్యాన్ అను ఉద్యోగి తన వంతు దూరమును కాలినడకన పరీక్షించుచు, సడలిన బిగింపులను సరిచేయుచుండును. వేలమంది ప్రయాణికుల క్షేమము అతని చూపునందున్నది. తోటలోని మార్గమునకును అట్టి చూపు కావలెను. దినమునకు ఒక విద్యార్థి వంతున మార్గమంతయు నడచి చూచి, కనుగొన్న దోషమును, చేసిన మరమ్మతును ఒక పుస్తకమున తేదీతో వ్రాయవలెను. పాఠశాలలో నిర్మించిన వారు పదవ తరగతి ముగించి వెడలిపోదురు; పట్టాలు మిగులును. ఆ పుస్తకము లేనిచో తరువాత వచ్చువారు పాత తప్పులనే మరల వెదకవలసి వచ్చును. నేటి చిన్న సందును నేడే సరిచేసిన, ఆ మార్గము మీ తమ్ములకును చెల్లెండ్రకును అక్కరకు వచ్చును.