సర్పగంధి: రక్తపోటును దించే వేరు

గన్నేరు, బిళ్ల గన్నేరు కుటుంబమైన అపోసైనేసీకి చెందిన చిన్న పొద సర్పగంధి. శాస్త్రీయ నామం రావుల్ఫియా సర్పెంటైనా. ప్రజాతి పేరు 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు లియోన్‌హార్డ్ రావుల్ఫ్‌ది. ఔషధభాగం వేరు. పాముకాటుకు, నిద్రలేమికి, మతిచాంచల్యానికి సంప్రదాయ వైద్యులు దీన్ని వాడేవారు.

వేరులోని ముఖ్య రసాయనాలు ఇండోల్ ఆల్కలాయిడ్లు. 1931లో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ ఒకదాన్ని వేరుచేసి, తన గురుతుల్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలిన్ అన్నారు. ఇది గుండె లయ తప్పడాన్ని సరిచేస్తుంది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసిన వ్యాసంతోనే ఈ వేరు రక్తపోటు మందుగా ప్రపంచానికి తెలిసింది.

రక్తపోటుపై అసలు పనిచేసే ఆల్కలాయిడ్ రిసర్పిన్‌ను 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా ప్రయోగశాల వేరుచేసింది. 1956లో రసాయన శాస్త్రవేత్త వుడ్‌వర్డ్ దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. నాడీకణాల చివర నార్‌ఎడ్రినలిన్, డోపమిన్, సెరటోనిన్ అనే నాడీ సందేశ రసాయనాల నిల్వలను ఇది ఖాళీ చేస్తుంది. రక్తనాళాలు సడలి రక్తపోటు తగ్గుతుంది. మోతాదు పెరిగితే మనసు కుంగిపోవచ్చు, కాబట్టి సొంతవైద్యం ప్రమాదం.

వేరు కోసం మొక్కనే పెకలిస్తారు, దాంతో మొక్కలు తగ్గిపోతాయి. అందుకే అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ అనుబంధం-2 కింద దీని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది.