ఐరిష్ పేర్లు: రాసేదొకటి, పలికేదొకటి

'లేడీ బర్డ్' సినిమా చూశాక హీరోయిన్ పేరు చదవబోయి తడబడ్డాను. ఎస్, ఏ, ఓ, ఐ, ఆర్, ఎస్, ఈ. నేను 'సావోయిర్స్' అన్నాను. ఐర్లండులో దాన్ని 'సీర్ష' అంటారు. ఆ నటి మాత్రం తన పేరు 'సర్ష' అని చెప్పుకుంటుంది.

స్పెల్లింగులో తప్పేం లేదు. మనం దాన్ని ఇంగ్లీషు లెక్కలో చదువుతున్నాం, అంతే. ఐరిష్ భాషలో 'ఎస్' పక్కన ఈ గానీ ఐ గానీ ఉంటే 'ష' పలుకుతుంది. అందుకే చివరి ఎస్ ష అయింది, మొదటిది కాలేదు. చాలాచోట్ల అచ్చులు పలకడానికి కాదు, పక్క హల్లు ఎలా పలకాలో చెప్పడానికే ఉంటాయి. పాత ఐరిష్ అక్షరమాలలో పద్దెనిమిదే అక్షరాలు, 'వి' లేదు. 'బి' మీద చుక్క పెట్టి ఆ ధ్వని రాసేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రోమన్ అచ్చుకి మారినప్పుడు చుక్క పోయి 'హెచ్' వచ్చింది. బి, హెచ్ కలిస్తే 'వ'. అలా 'షివాన్' అనే పేరు మధ్యలో మనకి 'భ' కనబడుతుంది. (మన 'త'కి టి, హెచ్ రాస్తే ఉత్తరాది ఫ్రెండ్స్ 'థ' అని చదవరూ? ఇదీ అలాంటిదే.)

ఈ పేర్లు అందంగా ఉంటాయి కాబట్టే పిల్లలకి పెడతారని మొదట అనుకున్నా. కథలూ ఉన్నాయి మరి. 'నీవ్' అంటే వెలుగు. తెల్లగుర్రం మీద వచ్చి 'ఒషీన్'ని ముసలితనం లేని లోకానికి తీసుకెళ్లింది ఆమే. ఒషీన్ అంటే చిన్న జింక. కానీ అసలు విషయం వేరే ఉంది. ఇంగ్లీషు పాలనలో రికార్డుల్లోకి ఎక్కేసరికి 'టైగ్' తిమోతి అయ్యేవాడు, 'కొనహూర్' కొర్నీలియస్ అయ్యేవాడు. అర్థానికీ మూలానికీ ఏ సంబంధమూ లేదు, వినడానికి కాస్త దగ్గరగా ఉంటే చాలు. 1905లో నీల్ మక్ గిల్ల వ్రీజె అనే ఆయన తన బండి మీద పేరు ఐరిష్‌లో రాసుకున్నందుకు జరిమానా పడింది. ఆయన తరఫున వాదించిన లాయరు పాట్రిక్ పియర్స్. కేసు ఓడిపోయాడు. 1916 తిరుగుబాటులో ముందు నిలిచి, మరణశిక్ష పొందిన పియర్స్ ఈయనే.

'సీర్ష' అంటే స్వాతంత్ర్యం. పాత మాటే అయినా, ఆడపిల్లలకి పేరుగా పెట్టడం ఇరవయ్యో శతాబ్దంలోనే, స్వాతంత్ర్య పోరాటం తర్వాతే మొదలైంది. ఇక అచ్చ ఐరిష్ అనుకునే 'షాన్', 'షివాన్' నిజానికి నార్మన్లు తెచ్చిన ఫ్రెంచి పేర్లు! వచ్చి అక్కడి పలుకులో కలిసిపోయాయి. 2021లో ఐర్లండులో పుట్టిన ఆడపిల్లలకి ఎక్కువగా పెట్టిన పేరు 'ఫియా'. అంటే అడవిది, స్వేచ్ఛగా పెరిగేది. దాని స్పెల్లింగు చివర పలకని డి, హెచ్ రెండూ ఉన్నాయి.

వేరే దేశాల్లో కొందరు 'నీవ్'ని ఎన్, ఈ, వి, ఈ అని రాసేస్తున్నారు. టీచరుకి తేలికే, కాదనను. నేనైతే ఆ ఎం, హెచ్ ఉంచేస్తాను. ఎవరైనా తప్పు చదివితే ఒకసారి చెబితే సరిపోతుంది కదా.