ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిన నూనె ఏది?

ఊరి చివర, పొలం గట్ల పక్కన, రెండు స్తంభాల మధ్య అమర్చిన బూడిదరంగు ఇనుప పెట్టెను మీరు చూసే ఉంటారు. 11,000 వోల్టులతో వచ్చే విద్యుత్తును మన మోటార్లకు, దీపాలకు పనికివచ్చేలా తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ అది. దాని లోపల ఇనుప రేకుల దిమ్మ, ఆ దిమ్మ చుట్టూ కాగితం చుట్టిన తీగచుట్టలు ఉంటాయి. మిగిలిన చోటంతా నూనె! విద్యుత్ యంత్రంలో నూనె ఎందుకు? పోస్తే ఏ నూనె పోయాలి? వంటింట్లోని వేరుశనగ నూనె పనికిరాదా? ఆలోచిద్దాం.

రెండు పనులు, ఒకే నూనె

నూనె చేసే మొదటి పని విద్యుద్బంధకంగా ఉండటం. అంటే తీగచుట్టల నుంచి విద్యుత్తు ఒకదాని మీదికి ఒకటి గానీ, ఇనుప పెట్టె మీదికి గానీ దూకకుండా ఆపడం.

రెండవ పని వేడిని మోసుకుపోవడం. 100 కిలోవాట్ల విద్యుత్తును అందించే ట్రాన్స్‌ఫార్మర్‌లో సుమారు ఒకటి రెండు కిలోవాట్లు వేడిగా మారిపోతాయి. నీళ్లు కాచే హీటరు ఒకటి ఆ పెట్టెలో ఎడతెగకుండా పనిచేస్తున్నట్టే! వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది. పెట్టె పక్కనున్న గొట్టాలలోకి వెళ్లి, బయటి గాలికి చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. మీరు చదువుకున్న ఉష్ణ సంవహనం ఇదే.

ఒక చిన్న ప్రయోగం

టార్చిలైటు బల్బును మూడు బ్యాటరీ సెల్స్‌తో కలపండి. వలయాన్ని ఒకచోట తెంచి, ఆ రెండు తీగ కొసలను ఒకదానికొకటి తగలకుండా గిన్నెడు వేరుశనగ నూనెలో ముంచండి. బల్బు వెలగదు. ఆముదంలో ముంచినా అంతే. (ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎన్నడూ చేయకండి.)

అయితే ఏ నూనె అయినా ఒకటేనా? కాదు. నాలుగైదు వోల్టుల దగ్గర అన్ని నూనెలూ మంచివే. వోల్టేజి పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట నూనె ఓడిపోయి, దానిలోంచి నిప్పురవ్వ దూకుతుంది. ఆ వోల్టేజిని భంజన వోల్టేజి అంటారు. పరీక్షశాలలో రెండు లోహపు గోళాలను 2.5 మిల్లీమీటర్ల దూరంలో నూనెలో ఉంచి దీన్ని కొలుస్తారు. అంతే దూరంలో గాలి సుమారు 7,500 వోల్టులకే లొంగిపోతుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నూనె కనీసం 30,000 వోల్టులకు, తేమ తీసి వడగట్టాక 70,000 వోల్టులకు తట్టుకోవాలి.

ఒక్క నీటిబొట్టు

నూనెకు పెద్ద శత్రువు నీరు. లీటరు ఖనిజ నూనెలో ఒకే ఒక్క నీటిబొట్టు కలిసినా దాని భంజన వోల్టేజి సగానికి పైగా పడిపోవచ్చు. నూనెలోని సన్నని నూలుపోగులు, దుమ్ము ఆ తేమను పీల్చుకుని, విద్యుత్ క్షేత్రంలో వరుసగా నిలబడి వంతెన కడతాయి. విద్యుత్తు ఆ వంతెన మీదుగా దాటిపోతుంది.

చల్లబడినప్పుడు నూనె కుంచించుకుంటుంది. అప్పుడు చాలా ట్రాన్స్‌ఫార్మర్లు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటాయి. ఆ గాలిలోని తేమను పట్టుకోవడానికి సిలికా జెల్ గుళికలున్న సీసాను తగిలిస్తారు. నీలిరంగు గుళికలు గులాబీ రంగుకు మారాయంటే అవి ఇక తేమ పీల్చలేవన్నమాట.

కిరోసిన్ పారుతుంది, కానీ...

వేడిని మోయాలంటే నూనె సులువుగా పారాలి, అంటే దాని స్నిగ్ధత తక్కువగా ఉండాలి. కిరోసిన్ చక్కగా పారుతుంది. కానీ 40 డిగ్రీల ప్రాంతంలోనే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె 80, 90 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు! ఆముదం అంత తేలికగా అంటుకోదు గానీ, చిక్కదనం వల్ల బద్ధకంగా కదులుతుంది. ఈ రెండింటికీ నడుమ కుదిరినది ముడి పెట్రోలియం నుంచి శుద్ధిచేసిన ఖనిజ నూనె. అది కనీసం 135 డిగ్రీల దాకా వేడెక్కితేగాని దాని ఆవిరి నిప్పుకు అంటుకోకూడదని నియమం.

నూనె ఏళ్ల తరబడి నిలవాలి కూడా. వేడికి, ఆక్సిజన్‌కు నూనె పాడై ఆమ్లాలు, మడ్డి పుడతాయి. ఆమ్లం కాగితాన్ని తింటుంది. మడ్డి నూనె దారులను మూస్తుంది.

నిప్పును గెలిచిన విషం

సులభంగా అంటుకోని, చెడిపోని ద్రవం దొరికితే? దొరికింది! 1929లో అమెరికాలో పీసీబీలు అనే క్లోరిన్ సమ్మేళనాలను వ్యాపార స్థాయిలో తయారు చేయడం మొదలైంది. ఇంజనీర్లు సంతోషించారు. కానీ చెడిపోని గుణమే చేటు తెచ్చింది. నేలలో, నీటిలో అవి కుళ్లవు. జీవుల కొవ్వులో పేరుకుంటాయి. 1968లో జపాన్‌లో తవుడు నూనెను వేడిచేసే గొట్టాల నుంచి పీసీబీ కారి ఆ నూనెలో కలిసింది. దాన్ని తిన్న వేలాది మంది జబ్బుపడ్డారు. 1979లో అమెరికా పీసీబీల తయారీని నిషేధించింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో ప్రపంచ దేశాలు వాటిని తొలగించాలని నిర్ణయించాయి.

మళ్లీ వంటనూనె దగ్గరికి

వేరుశనగ నూనె సంగతేమిటి? వంటింటి నూనెలో తేమ, మలినాలు ఉంటాయి. గాలి తగిలితే కనరు వాసన వేస్తుంది. కాబట్టి దాన్ని అలాగే పోయలేం. కానీ సోయా వంటి గింజల నూనెను బాగా శుద్ధిచేసి, తేమ తీసి, చెడిపోకుండా కాపాడే పదార్థాలు కలిపితే? అలాంటి నూనెలు 1990లలో వాడుకలోకి వచ్చాయి. ఇవి 300 డిగ్రీలు దాటితేగాని మండుతూ నిలవవు, నేలలో త్వరగా కుళ్లిపోతాయి. అయితే ఖనిజ నూనెకన్నా చిక్కన, ఖరీదు కూడా ఎక్కువ. గాలి చొరబడకుండా మూసిన పెట్టెల్లోనే వీటిని వాడాలి.

కనుక అన్నిచోట్లకూ తగిన నూనె ఒకటి లేదు. జనం మసలే భవనంలో నిప్పు భయం ముఖ్యం. చెరువు గట్టున కారినా హాని చేయని నూనె మేలు. లడఖ్ చలికి గడ్డకట్టనిది కావాలి. మామూలు పొలంలో చవకైన ఖనిజ నూనె చాలు. నూనె ఏదైనా తేమ లేకుండా కాపాడుకోవాలి.

ఒక హెచ్చరిక: కారుతున్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లవద్దు. పెద్దల ద్వారా విద్యుత్ సిబ్బందికి చెప్పించండి. ఆ నూనెను దీపాలకు, వంటకు, ఒంటికి రాసుకోవడానికి ఎవరినీ వాడనివ్వకండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో పీసీబీ కలిసి ఉండవచ్చు. చూపుకు, వాసనకు అది తెలియదు.

ఆలోచించి చెప్పండి

1. నూనె మట్టం తగ్గిపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిగే రెండు నష్టాలేవి?
2. గాలి తగిలితే పొరకట్టే అవిసె నూనె రంగులకు పనికివస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎందుకు పనికిరాదు?
3. వానాకాలంలో సిలికా జెల్ గుళికలు త్వరగా రంగు మారుతాయి. ఎందుకు?